రాతికి అవతలి మొహం

నా టీకొట్టులో కూర్చుని, బూట్ల బురద నా నేల మీదే దులుపుతూ అందరూ అడిగేది ఒకటే మాట. "పెద్దమ్మా, కొండ మీద రాళ్ళకి ఎర్ర గీతలు గీసిందెవరు?" గీసింది మా చిన్నది. చిన్నదంటే నా కూతురు కాదు. మా మరిది పెళ్ళాం, నా తోడికోడలు. నాకంటే చిన్నది కాబట్టి చిన్నది. జుట్టు నెరిసినా, పళ్ళు కదిలినా నా నోట్లో ఆ పేరు మారలేదు. దాని సంగతి చెప్పమంటే చెబుతాను. కానీ మధ్యలో లేచి పోకూడదు, టీ చల్లారిందని నన్ను అనకూడదు.

ఈ ఊళ్ళన్నీ ఎప్పటివో. రాతి గోడలు, ఇరుకు మెట్ల వీధులు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కొండ మీదుగా కాలిబాటలు. రోడ్డు పడ్డాక మనుషులు కిందికి దిగారు, బాటలు పైనే ఉండిపోయాయి. ఇప్పుడు పట్నం వాళ్ళు పని కట్టుకుని వచ్చి ఆ బాటల మీద నడుస్తారు. ట్రెక్కింగంటారు. మా రోజుల్లో దాన్ని నీళ్ళు తేవడం అనేవాళ్ళం. అదే కొండ, అదే ఆయాసం. మేం గతిలేక ఎక్కాం, వీళ్ళు తోచక ఎక్కుతున్నారు. ఎక్కనీ, వాళ్ళు ఎక్కబట్టే నా పొయ్యి మండుతోంది.

అలా వచ్చేవాళ్ళు దారి తప్పకుండా ఉండాలని దారుల ఆఫీసు ఒకటి పెట్టారు. అందులో గుర్తులు వేసే పని మా మరిదికి దొరికింది. ఊళ్ళో అందరూ వాణ్ణి రంగులాయన అనేవాళ్ళు. గోళ్ళలో ఎప్పుడూ ఎర్రరంగే. అన్నం తింటుంటే చూసి "ఏరా, ఎవణ్ణి చంపొచ్చావు?" అనేదాన్ని. "ఇంకా ఎవర్నీ లేదు వదినా, వంట ఇలాగే ఉంటే నిన్నే" అనేవాడు.

ఆ పని చూడ్డానికి సులువు. బాట పక్కన రాయి వెతకాలి, గీత గీయాలి. కానీ ఒక గుర్తు దగ్గర నిలబడితే తర్వాతి గుర్తు కనపడాలి, పొగమంచులో కూడా కనపడాలి. అందుకని ఇద్దరు మనుషులు కావాలి. ఒకళ్ళు గీసిన రాయి దగ్గర ఆగిపోతారు. రెండోవాళ్ళు ముందుకు పోయి, ఇంకో రాయి మీద చెయ్యి పెట్టి "కనిపిస్తోందా?" అని అరుస్తారు. వెనకున్నవాళ్ళు "కనిపిస్తోంది" అంటేనే అక్కడ గీత గీసి, ఇంకా ముందుకు పోవాలి. జవాబు రాకపోతే అక్కడే నిలబడాలి. అంతే, ఇంకేం లేదు.

ఇంకో సంగతి. ప్రతి రాయికీ రెండు మొహాలుంటాయి. ఇవతలి మొహం ఎక్కేవాళ్ళకి కనపడుతుంది, అవతలి మొహం దిగేవాళ్ళకి కనపడుతుంది. రెండింటి మీదా గీత ఉండాలి. మా మరిది రాయి చుట్టూ తిరిగే రకం కాదు. ఎక్కేటప్పుడు ఎదురుగా ఉన్న ఇవతలి మొహాలు గీసేవాడు, దిగేటప్పుడు ఎదురయ్యే అవతలి మొహాలు గీసేవాడు. "గానుగెద్దునా, ప్రతి రాయి చుట్టూ ప్రదక్షిణం చెయ్యడానికి?" అనేవాడు. పోయేటప్పుడు పోయే గుర్తు, వచ్చేటప్పుడు వచ్చే గుర్తు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను మళ్ళీ చెప్పను.

చిన్నది వాడికి దొరికింది కూడా ఆ గీతల దగ్గరే. పై ఊరని ఒకటుంది, ఈ కొండ భుజం మీద. ఇప్పుడు మీరంతా ఫొటోలు తీసుకోవడానికి పోయేది దానికే. అప్పట్లో అక్కడ ఇంకా కొన్ని పొయ్యిలు వెలుగుతుండేవి. బాట సరిగ్గా చిన్నది వాళ్ళ గుమ్మం ముందు నుంచి పోతుంది. మా మరిది పోయి వాళ్ళ గుమ్మం రాయి మీద గీత గీశాడు. పిల్ల చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

"ఏవయ్యా, మా గుమ్మం నీ అత్తగారి సొత్తనుకున్నావా, రంగు పూస్తున్నావు?"

"ఇప్పటిదాకా కాదు" అన్నాడట వీడు.

చీపురు దెబ్బ ఒకటి తిన్నాడు. మళ్ళీ వారం గీత ఆరిందో లేదో చూసొస్తానని పోయాడు. ఆ పై వారం కూడా పోయాడు. అన్నాళ్ళు ఆరని రంగు ఏ డబ్బాలోనూ లేదు. చివరికి పెళ్ళయింది. పై ఊళ్ళో బావి ఎండిపోయి వాళ్ళ వాళ్ళంతా తలో దిక్కూ పోయారు. ఇది మాత్రం మా ఇంట్లో, అంటే మా గోడకి ఆనుకుని ఉన్న ఇంట్లో కాపురం పెట్టింది.

మాటకి మాట అప్పజెప్పే మనిషి. నాకూ దానికీ రోజూ ఏదో ఒకటి. పెరట్లో తీగ మీద నీ గుడ్డలెక్కువా నా గుడ్డలెక్కువా అని కూడా పోట్లాడుకున్నాం. కానీ మొగుడు బయల్దేరితే రంగు డబ్బా పట్టుకుని వెనకే పోయేది. వాళ్ళిద్దరి కేకలు కొండ మీద నుంచి నా కొట్టు దాకా వినపడేవి. "కనిపిస్తోందా?" "కనిపిస్తోంది!" మధ్య మధ్యలో నవ్వులు. గిన్నెలు తోముకుంటూ "వీళ్ళ సరసం కొండలకి కూడా వినిపించాలా" అని విసుక్కునేదాన్ని. ఇప్పుడనుకుంటాను, ఆ చప్పుడు వింటూ గిన్నెలు తోముకున్న రోజులే రోజులు.

ఒక వానాకాలం పై ఊరి బాట మీద కొండచరియ కొంత జారింది. మనుషులు పోతే ప్రమాదమని ఆఫీసు వాళ్ళు ఆ బాట మూసేయమన్నారు. మూయడమంటే గోడ కట్టడం కాదు. ఎర్ర గీతల మీద బూడిదరంగు పూసి, రాయిలో రాయిలా కలిపేయడం. ఆ పని మా మరిదికి చెప్పారు.

చిన్నదానికి అది పుండు మీద కారం అయింది. ఊరు పోయింది, బావి పోయింది, కనీసం దారైనా ఉందనుకుంటే అదీ చెరిపేయమంటారు, చెరిపేది కట్టుకున్నవాడు. పొద్దున్నే మొదలైంది గొడవ. గోడవతల నుంచి నాకు ప్రతి మాటా వినపడింది. వినపడకపోవడానికి అదేం కోట గోడా?

"నేను చెరపకపోతే ఇంకొకడు చెరుపుతాడే. ఎవడో జారి చస్తే ఆ పాపం నాకెందుకు?"

"ఇంకొకణ్ణి చెరపనీ. నువ్వు చెరపకు."

"నువ్వు రా. వచ్చి దగ్గరుండి చూసుకో."

"నేను రాను. మా ఊరి దారి నీ చేత్తో నువ్వు చెరిపితే, మళ్ళీ ఈ గడప తొక్కకు."

వాడు పెరటి తలుపు తీసుకుని, బూడిదరంగు డబ్బా పట్టుకుని కొండ వైపు పోయాడు. నేను కొట్టు ముందు బల్ల తుడుస్తున్నాను. "వదినా, నీ తోడికోడలికి కాస్త టీ పోసి చల్లబరుచు" అన్నాడు. "వేడి టీ పోస్తే చల్లబడుతుందట్రా?" అన్నాను. నవ్వాడు. నేను ఆ మొహం చూడ్డం అదే ఆఖరు.

మధ్యాహ్నానికి పొగమంచు దిగింది. సాయంత్రానికి వాడు దిగలేదు.

మగాళ్ళు వెతకడానికి పోయారు. బాట మొదట్లో నాలుగు రాళ్ళూ బూడిదరంగుగా ఉన్నాయి. అక్కడి నుంచి ముందుకు పోవద్దు, చరియ ఇంకా కదులుతోంది అని ఆఫీసు వాళ్ళు తాడు కట్టేశారు. అందుకని వెనకనుంచి, కొండ చుట్టూ తిరిగే బండిదారిలో పై ఊరికి పోయారు. ఇల్లిల్లూ వెతికారు. ఎండిన బావిలోకి తొంగి చూశారు. మనిషి లేడు. పై ఊరు దాటితే కనుమ ఉంది. కనుమ దాటితే అవతలి లోకం, బస్సులు, పట్నాలు.

ఇంకేముంది. వండిన కుండకైతే మూత పెట్టొచ్చు, ఊరి నోటికి ఎక్కడి నుంచి తెస్తాం? "తిరిగొచ్చేవాడైతే దారి చెరుపుకుంటూ పోతాడా? పెళ్ళాం గడప తొక్కొద్దంది, మగాడన్నాక పౌరుషం ఉండదూ? కనుమ దాటేశాడు." ఇదీ మాట. నా కొట్టులో నా టీ తాగుతూనే అన్నారు. ఒకడి గ్లాసు లాగేసుకున్నాను కూడా. కానీ లోపల నాకూ అదే అనుమానం. వీడు కోపం వస్తే అరిచే మనిషి కాదు, లేచి పోయే మనిషి.

చిన్నది ఏడవలేదు. పెరటి తలుపుకి గడియ పెట్టేసింది. కొండ వైపున్న తలుపు అది, వాడు పోయిన తలుపు. ఆ తర్వాత బట్టలారేయాలన్నా మా ఇంట్లోంచి చుట్టూ తిరిగి పెరట్లోకి వచ్చేది గానీ ఆ గడియ తియ్యలేదు. తర్వాత ఆఫీసుకి పోయి మొగుడి పని తనకిమ్మంది. ఇచ్చారు. మిగతా బాటలన్నింటికీ అదే గీతలు గీసింది. వెనక నిలబడి జవాబు చెప్పే మనిషి ఉండాలి కదా, ఎవరి దగ్గరా అడగలేదు. ఒక రాయి మీద ఎర్ర గుడ్డ కప్పి, తనే ముందుకు పోయి, వెనక్కి తిరిగి గుడ్డ కనపడుతోందా అని చూసుకునేది. మళ్ళీ వెనక్కొచ్చి గుడ్డ తీసుకునేది. ఒకసారి నడిచే దారి అది మూడుసార్లు నడిచేది. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెదొకదారి.

ఇక ఆ గొంతు సంగతి. నేను దయ్యాల్ని నమ్మను. కానీ అవి నన్ను నమ్ముకుని వస్తే నేనేం చెయ్యను? పొగమంచు పడిన రోజున, తాడు దాటి పై ఊరి బాట ఎక్కిన కుర్రకారు కొందరు వెర్రి మొహాలు వేసుకుని దిగేవాళ్ళు. "పైన ఎవరో కనిపిస్తోందా, కనిపిస్తోందా అని అడుగుతున్నారు పెద్దమ్మా. ఎవరని చూస్తే ఎవరూ లేరు." ఇంకో విచిత్రం, వాళ్ళలో ఒక్కరూ తప్పిపోలేదు. ఎక్కేటప్పుడు దారి దొరక్క తంటాలు పడతారట, దిగేటప్పుడు మాత్రం దారి దానంతటదే దొరుకుతుందట. ఆ కొండ ఎవర్నీ పైకి రానివ్వదు, ఎవర్నీ పైన ఉంచుకోదు అని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు.

నేనూ విన్నాను. అబద్ధమాడి ఈ వయసులో మూట కట్టుకునేదేముంది. ఒక మధ్యాహ్నం గుడ్డ దులపడానికి పెరట్లోకి వచ్చాను. మంచు గోడ దాకా వచ్చి నిలబడింది. పైనుంచి, ఎక్కడో దూరం నుంచి, అదే గొంతు. "కనిపిస్తోందా?" వేళాకోళం లేదు, భయం లేదు. పనిలో ఉన్న మనిషి అడిగినట్టే అడిగింది, జవాబు కోసం ఆగింది. నా చేతిలో గుడ్డ జారిపోయింది. పక్కకి చూస్తే చిన్నది. గోడ పక్కన, తడి బట్టలు చంకలో పెట్టుకుని, పెదాలు రెండూ బిగబట్టి నిలబడి ఉంది. మళ్ళీ వినపడింది. అది నోరు తెరవలేదు.

"చిన్నదీ, విన్నావే?"

"మంచు పడిన ప్రతిరోజూ వింటాను."

"మరి పలకవేం? నీ మొగుడే కదే!"

అప్పుడు చెప్పింది. "పలికితే ముందుకు పోతాడక్కా. పని అంతే కదా. కనిపిస్తోంది అంటే ఇంకో రాయి ముందుకు పోవాలి. ఆయన పోతూ అడుగుతున్నాడో, వస్తూ అడుగుతున్నాడో నాకు తెలీదు. పోయేవాడైతే నా నోటితో నేనే కనుమ దాటించినదాన్నవుతాను."

నేను వంగి గుడ్డ తీసుకున్నాను.

ఆ తర్వాత మెల్లగా మిగతాది కూడా చెప్పింది. వాడు చెరిపినా గీసినట్టే చెరుపుతాడు. ఎక్కుతూ ఇవతలి మొహాలు, దిగుతూ అవతలి మొహాలు. కింద నాలుగు రాళ్ళూ బూడిదరంగుగా ఉన్నాయంటే వాడు ఎక్కాడనే గానీ ఇంకే అర్థం లేదు. ఊళ్ళో వాళ్ళకి అది తెలీదు. అసలు సంగతి అవతలి మొహాల మీద ఉంది. పై ఊరి దాకా అవన్నీ ఎర్రగానే ఉంటే, వాడు వెనక్కి తిరగలేదు, కనుమ దాటిపోయాడు. పైనుంచి అవి కూడా చెరిగి ఉంటే, వాడు ఇంటికి బయల్దేరాడు. వెతకడానికి పోయినవాళ్ళలో ఒకణ్ణి అడిగిందట, పైన రాళ్ళు ఏ వైపు చెరిగి ఉన్నాయని. "ఏ వైపేంటమ్మా, రాయంటే రాయే" అన్నాడట ఆ మహానుభావుడు.

"మరి నువ్వే పోయి చూడొచ్చు కదే, ఇన్నేళ్ళ నుంచి?"

"చూస్తే తెలిసిపోతుందక్కా."

అంతే అంది. బట్టలు తీగ మీద వేసుకుని, మా ఇంట్లోంచి చుట్టూ తిరిగి పోయింది.

ఏళ్ళు గడిచాయి. మా ఆయన పోయాడు. నా మోకాళ్ళు పోయాయి. పాత ఊళ్ళు చూడాలని జనం ఎగబడడం మొదలయ్యాక, ఆఫీసు వాళ్ళు పై ఊరి బాట మళ్ళీ తెరవాలనుకున్నారు. చరియ జారిన చోట రాతి గోడ కట్టి, కాస్త పై నుంచి బాట తిప్పారు. ఆ గోడ కట్టే కూలీలు రెండుసార్లు పని వదిలేసి పారిపోయారు. ఎందుకని అడిగితే మేస్త్రీ చెవులు చూపించాడు.

ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చిన్నదాని చేతులు పట్టుకుని అడిగింది. "పిన్నీ, ఎవర్నడిగినా ఆ బాట మీద గుర్తులు వెయ్యడానికి రామంటున్నారు. మీకు కష్టమని తెలుసు. వద్దంటే వద్దు, బాట అలాగే మూసి ఉంచుదాం."

చిన్నది కొండ వైపు చూసింది. "వేస్తాను" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "అక్కా, ఈ బాటకి మాత్రం గుడ్డ చాలదు. వెనక మనిషి కావాలి."

"నా మోకాళ్ళని అడుగు, అవి ఒప్పుకుంటే నేనొస్తాను" అన్నాను.

"అవి ఎప్పుడైనా నీ మాట కాదన్నాయా? నీ మాట కాదనే ధైర్యం మీ ఆయనకే ఉండేది కాదు."

అలా ఇద్దరు ముసలాళ్ళం బయల్దేరాం. అది ఎర్రరంగు డబ్బా పట్టుకుంది, నేను కర్ర పట్టుకున్నాను. దాని మొహం చూస్తే పెళ్ళికి పోతున్నట్టూ ఉంది, శవాన్ని చూడ్డానికి పోతున్నట్టూ ఉంది.

మొదటి రాయి. ఇవతలి మొహం మీద బూడిదరంగు పెచ్చులూడి, కింద ఎరుపు అక్కడక్కడా తొంగి చూస్తోంది. దాని మీద కొత్త గీత గీసింది. తర్వాత ఆ రాయినే దాటి ముందుకు పోయింది. వెనక్కి తిరిగింది.

"ఎరుపు" అంది.

అది ఎరుపే అవ్వాలి కదా, వాడు ఇంత దాకా దిగలేదని మాకు తెలుసు. అయినా ఆ మాట వినాలనిపించలేదు. రెండో రాయి, ఎరుపు. ఆ తర్వాతిదీ ఎరుపే. వాన ఎప్పుడూ లోయ వైపు నుంచి కొడుతుంది కాబట్టి అవతలి మొహాలు చెక్కు చెదరలేదు. రంగు వెలిసింది గానీ గీత గీతే. అప్పుడర్థమైంది నాకు, ఆ కుర్రకారు దిగేటప్పుడు దారి ఎందుకు తప్పలేదో. వాళ్ళని దింపింది దయ్యం కాదు, మా మరిది వేసిన గీతలే. పోయే గుర్తులు చెరిపి, వచ్చే గుర్తులు ఉంచేసి పోయాడు మరి.

అది ముందుకు పోయి చెయ్యి పెడుతుంది. "కనిపిస్తోందా?" నేను "కనిపిస్తోంది" అంటాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఎన్నేళ్ళ తర్వాతో ఆ కొండ మీద ప్రశ్నకి జవాబు పడుతోంది. నేను రొప్పుతూ దాన్ని చేరేసరికి అది రాయి వెనక్కి పోయి చూసి ఉంటుంది. "ఎరుపు." మళ్ళీ ఇంకో రాయి. "ఎరుపు." సగం కొండ ఎక్కేసరికి ఆ మాట చెప్పడం మానేసింది. దాని మొహమే చెప్పేది. నేను అడగడం మానేశాను. నాకు దేవుడి మీద కోపం వచ్చింది, మా మరిది మీద వచ్చింది, చివరికి రాళ్ళ మీద వచ్చింది.

"దిగిపోదామే" అన్నాను. "తెలుసుకుని ఏం బావుకుంటాం? ఇంటికి పోయి పోట్లాడుకుందాం."

"ఇంత దూరం వచ్చి?"

"ఇన్నేళ్ళూ తెలీకుండానే బతికావు కదే."

"బతికానని ఎవరన్నారు?" అంది.

చరియ జారిన చోటు వచ్చింది. కొండని ఎవరో గరిటెతో తోడేసినట్టుంది. కింద లోయ, అడుగు కనపడదు. కొత్త గోడ పక్క నుంచి, కొత్త బాట మీదుగా పాకినట్టు నడిచాం. అవతల పాత బాట మళ్ళీ మొదలవుతుంది. అక్కడొక రాయి ఉంది, పడుకున్న మేకలా ఉంటుంది. చిన్నది ఆ రాయిని దాటింది. తిరిగింది.

అక్కడే ఆగిపోయింది.

"ఏమే?" అన్నాను. నేను కర్ర పారేసి, చేతులు నేలకి ఆనించి పోయాను. దాని పక్కన నిలబడి చూశాను.

అవతలి మొహం బూడిదరంగుగా ఉంది.

పూర్తిగా, మందంగా, మూలలు కూడా వదలకుండా పూసి ఉంది. కింద అంచున మా మరిది బ్రష్షు తుడిచిన మూడు గీతలున్నాయి. ఏ పనైనా అయ్యాక బ్రష్షు అలాగే తుడిచేవాడు. ఆ పై రాయి చూశాం, అదీ బూడిదరంగే. దాని పైదీ అంతే. పై ఊరి నుంచి ఇక్కడి దాకా రెండు మొహాలూ చెరిగి ఉన్నాయి. ఇక్కడి నుంచి కిందికి అవతలి మొహాలన్నీ ఎర్రగా ఉన్నాయి. మధ్యలో లోయ.

వాడు వస్తున్నాడు. ఒక్కో రాయీ చెరుపుకుంటూ ఇంటికే వస్తున్నాడు. ఈ రాయి దాకా వచ్చాడు.

చిన్నది ఆ రాయికి వీపు ఆనించి కూలబడింది. అప్పుడు ఏడ్చింది. నేను దాని పక్కన కూర్చుని నా కొంగు ఇచ్చాను. నా కొంగులో ముక్కు చీదింది. ఏమీ అనలేదు నేను. ఆ ఒక్కరోజే.

కాస్త తేరుకున్నాక పై ఊరికి పోయాం. ఇళ్ళకి కప్పుల్లేవు, గోడలున్నాయి. కిటికీల్లోంచి ఆకాశం కనపడుతోంది. వాళ్ళింటి గుమ్మం రాయి అలాగే ఉంది. దాని మీద వాడు మొట్టమొదట గీసిన గీత, చీపురు దెబ్బ తిన్న గీత, ఎర్రగా ఉంది. ఇటు చూస్తే ఎరుపు, అటు చూస్తే ఎరుపు. కొండ మొత్తం చెరిపినవాడు అది ఒక్కటీ ముట్టుకోలేదు. చిన్నది దాని మీద కొత్త రంగు వెయ్యలేదు. కొంగుతో దుమ్ము తుడిచి లేచింది.

దిగేటప్పుడు మంచు పట్టుకుంది. చూస్తుండగానే లోయ పోయింది, గోడ పోయింది, నా కాళ్ళు నాకే కనపడలేదు. మేక రాయి దగ్గరికి వచ్చేసరికి వినపడింది. చాలా దగ్గరగా. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా.

"కనిపిస్తోందా?"

చిన్నదాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అది నా చెయ్యి విడిపించుకుంది. మంచు వైపు తిరిగింది. అది పదహారేళ్ళ పిల్లగా అరిచిన గొంతుతో అరిచింది.

"కనిపిస్తోంది! రా!"

కొండంతా మోగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఎక్కడో చిన్న రాళ్ళు రెండు దొర్లాయి, అంతే.

అక్కడి నుంచి ఎర్ర గీతలు చూసుకుంటూ దిగాం. మంచులో ఒకటి పోతే ఇంకొకటి, ఒకటి పోతే ఇంకొకటి, వాడు దీపాలు పెట్టినట్టు కనపడ్డాయి. ప్రతి రాయి దగ్గరా చిన్నది ఆగి, దాని మీద అరచెయ్యి పెట్టి, వెనక్కి తిరిగి "ఇదిగో, ఇక్కడ" అనేది. నాతో కాదు. నేను ముందున్నాను.

మేక రాయి నుంచి కిందికి ఆ అవతలి గీతలు ఇప్పటికీ అవే. మిగతావన్నీ కొత్తగా మెరుస్తుంటాయి, దిగేటప్పుడు మాత్రం వెలిసిపోయినవి కనపడతాయి. ఎవరైనా ఆఫీసులో ఫిర్యాదు చేస్తే "వెలిసినా అవి ఎవర్నీ తప్పనివ్వవు" అంటుంది చిన్నది, రంగు మాత్రం ముట్టనివ్వదు. మీరు రేపు దిగేటప్పుడు చూడండి. ఊరికే చూడండి, గోకకండి.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి చీకటి పడలేదు ఇంకా. అది ఎప్పట్లా మా ఇంట్లోంచి చుట్టూ తిరిగి పోతుందనుకున్నాను, అలవాటు కదా. పెరట్లో నుంచి పోయి వాళ్ళ పెరటి తలుపు ముందు నిలబడి "అక్కా, లోపలి నుంచి గడియ తియ్యవూ?" అంది. వీధి వైపు నుంచి పోయి తీశాను. తుప్పు పట్టిన గడియ, నా గోరు విరిగింది. తలుపు తెరిచాను. అది లోపలికి వచ్చి, డబ్బా కింద పెట్టి, తలుపు బార్లా తెరిచి ఉంచి, చాప మీద కూర్చుంది. మంచు వంటింటి దాకా వచ్చేస్తోంది.

"చలే, తలుపు వెయ్యవే" అన్నాను.

"ఉండక్కా" అంది. "ఇంకా వెనకాలే ఉన్నాడు."

నేను పొయ్యి వెలిగించి టీ పెట్టాను. కాసేపటికి అదే లేచి వెళ్ళి, గుమ్మానికి కాస్త పక్కకి జరిగి నిలబడింది, మనిషికి దారి ఇచ్చినట్టు. తర్వాత మెల్లగా తలుపు దగ్గరికి వేసింది.